తఫ్రావుత్ మహిళల ఆర్గాన్ నూనె, అమ్లూ: ఒక కొనుగోలుదారు సమీక్ష

మొరాకో దక్షిణ భాగంలో, యాంటీ అట్లాస్ పర్వతాల నడుమ, గులాబీ రంగు గ్రానైట్ కొండల మధ్య ఉన్న తఫ్రావుత్ పట్టణానికి చాలామంది ఫిబ్రవరిలో బాదం పూత చూడడానికో, 1984లో బెల్జియం కళాకారుడు జాన్ వెరామ్ రంగులు పూసిన బండలను చూడడానికో వస్తారు. అయితే అక్కడి బెర్బర్ (తమను తాము అమాజిగ్ అని పిలుచుకునే స్థానిక జాతి) జనజీవనాన్ని దగ్గరగా చూడదలచినవారు అమాజిగ్ మహిళలు నడిపే, ఆర్గాన్ చెట్టు కాయల పప్పు నుంచి తీసే ఆర్గాన్ నూనె సహకార సంఘాలలో ఒకదానికైనా తప్పక వెళ్లాలని నా అభిప్రాయం. అటువంటి ఒక సంఘం దుకాణంలో కొన్న నూనెను, ఆ నూనెతోనే చేసే అమ్లూ అనే బాదం ముద్దను ఇంట్లో వాడి చూసిన తరువాతనే ఈ సమీక్ష రాస్తున్నాను.

దుకాణం చిన్నదే కానీ, దాని వెనుక భాగంలో పని అంతా కళ్లెదుటే జరుగుతుంది. ఎండిన ఆర్గాన్ కాయల పైతోలు తీసి మేకలకు మేతగా పక్కన పెడతారు. రాయిలా గట్టిగా ఉండే లోపలి పెంకును బండపై నిలబెట్టి, మరో రాతితో ఒక్క దెబ్బకు పగలగొట్టి, పప్పు చితకకుండా బయటికి తీస్తారు. ఈ పనిలో వారి చేతినేర్పు చూసి తీరవలసిందే. వంట నూనె కోసమైతే పప్పును వేయించి, మన తిరగలి వంటి రాతి యంత్రంలో విసిరి, వచ్చిన ముద్దను గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తూ నూనె విడివడేదాకా పిసుకుతారు. మిగిలిన చెక్క పశువుల దాణాకు పోతుంది. లీటరు నూనెకు దాదాపు 30 కిలోల కాయలు కావాలి కాబట్టి, ధర ఎక్కువ అనిపించినా ఆ శ్రమను చూశాక బేరమాడాలనిపించదు. ఆర్గాన్ చెట్టుతో ముడిపడిన విజ్ఞానాన్ని, పద్ధతులను యునెస్కో 2014లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

రుచి విషయానికి వస్తే, అమ్లూకే నా మొదటి ఓటు. వేయించిన బాదం, ఆర్గాన్ నూనె, తేనె కలిపి నూరిన ఈ ముద్ద జారుగా, కమ్మగా ఉంటుంది. వేడి రొట్టె ముంచుకొని, పుదీనా టీతో తినడం అక్కడి అలవాటు. ఇందులో మాంసం, గుడ్డు ఉండవు కనుక శాకాహారులు నిశ్చింతగా తినవచ్చు. వంట నూనెకు వేయించిన గింజల ఘాటైన సువాసన ఉంటుంది. దీనిని వేపుళ్లకు వాడి వృథా చేయకూడదు. వడ్డించాక పైన వేసుకోవాలి. మా ఇంట్లో కందిపొడి అన్నంలో నువ్వుల నూనెకు బదులు రెండు చెంచాలు వేసుకుంటే ఎంతో బాగుంది.

లోపాలూ ఉన్నాయి. వంట నూనె, వేయించని పప్పుతో తీసే సౌందర్య నూనె ఒకే రకం సీసాలలో, పక్కపక్కనే ఉన్నాయి. లేబుళ్లు అరబిక్, ఫ్రెంచ్‌లలో మాత్రమే ఉన్నందున అడిగి, వాసన చూసి తీసుకోవాలి. కొన్ని సీసాలు పారదర్శకంగా ఉండడం కూడా నాకు నచ్చలేదు, ఎందుకంటే వెలుతురు తగిలితే నూనె త్వరగా పాడవుతుంది. లోపల తషల్‌హీత్ అనే తమ అమాజిగ్ భాషలోనే మాట్లాడుకునే ఆ మహిళలు తమ సొంత తిఫినాగ్ లిపిలో కూడా లేబుళ్లు వేస్తే ఎంత బాగుండేది! అమాజిగ్ భాషకు 2011 రాజ్యాంగంలోనే అధికార హోదా దక్కింది.

చేతితో పిసికి తీసిన నూనెలో నీటి అంశం ఉంటుంది కాబట్టి అది ఎక్కువకాలం నిలవదు. అక్కడ తినడానికి దానిని, ఇంటికి తెచ్చుకోవడానికి మరలో తీసిన నూనెను కొనడం మంచిది. రోడ్డు పక్కన మరీ చౌకగా అమ్మే సీసాలలో వేరే నూనెలు కలిసి ఉండవచ్చు కనుక వాటి జోలికి పోవద్దు. అమ్లూ కూడా విమానాశ్రయ తనిఖీలో ద్రవంగానే లెక్కకు వస్తుంది. అందువల్ల రెండింటినీ చేతిసంచిలో కాక, గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో సర్దుకోవాలి.