రెలెవెంట్, పర్టినెంట్, జర్మేన్: ఏ మాట ఎక్కడ మేలు?

ఇంగ్లీషులో "ఈ విషయానికి సంబంధించిన" అని చెప్పడానికి రెలెవెంట్, పర్టినెంట్, జర్మేన్ అనే మూడు విశేషణాలు తరచుగా ఎదురవుతాయి. నిఘంటువులు ఒకదానికి అర్థంగా మరొకదాన్ని ఇస్తాయి కాబట్టి, ఏది వాడినా ఒకటేనన్న అభిప్రాయం నేర్చుకునేవారిలో స్థిరపడిపోతుంది. తేడా మాత్రం ఉంది. సంబంధం ఉందా లేదా అన్నదానికన్నా, ఆ సంబంధం ఎంత దగ్గరిది అన్నదానిలోనే అది తెలుస్తుంది.

మూడింటిలో విశాలమైనది రెలెవెంట్. లాటిన్‌లో "పైకెత్తు" అనే అర్థమున్న క్రియ దీనికి మూలం. 16వ శతాబ్దంలో స్కాట్లండ్ న్యాయభాషలో వాడుకకెక్కి, తర్వాత అందరి మాటగా మారింది. ఉద్యోగ ప్రకటనలో "రెలెవెంట్ ఎక్స్‌పీరియన్స్" అని అడిగితే, ఆ పనికి ఏదో ఒక విధంగా అక్కరకొచ్చే అనుభవమంతా అందులోకి వస్తుంది. మారుతున్న కాలంలోనూ ఒక వ్యక్తి తన ప్రాధాన్యాన్ని నిలుపుకోవడాన్ని "స్టే రెలెవెంట్" అంటారు. అక్కడ మిగిలిన రెండు మాటలూ అతకవు. సందేహం కలిగినప్పుడు దీన్నే వాడమని నా సలహా.

పర్టినెంట్ ఇంతకన్నా సూటిగా తగిలే మాట. "చెందు, చేరు" అనే అర్థమిచ్చే లాటిన్ క్రియ "పెర్టినేరే" నుంచి వచ్చిన ఈ మాటకు "పర్టెయిన్" అనే ఇంగ్లీషు క్రియ తోబుట్టువు. ఒక చర్చలో పది ప్రశ్నలు వచ్చాయనుకుందాం. పదీ విషయానికి సంబంధించినవే, అంటే రెలెవెంటే కావచ్చు. వాటిలో సరిగ్గా తేల్చవలసిన అంశాన్నే పట్టుకున్న ప్రశ్నను "పర్టినెంట్ క్వశ్చన్" అంటారు. సమాచారమంతా ముందున్నప్పుడు నిర్ణయానికి కావలసినంతవరకే ఏరి చెప్పేటప్పుడు "పర్టినెంట్ డీటెయిల్స్" అనడం ఎంతో బాగుంటుంది. ఏరి తీసిన భావం ఈ మాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది.

వ్యతిరేకార్థం దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. రెలెవెంట్‌కు ఇర్రెలెవెంట్ ఉన్నట్టే పర్టినెంట్‌కు ఇంపర్టినెంట్ ఉంది కదా అనుకుని, ఎవరి మాటనైనా "ఇంపర్టినెంట్" అంటే, అప్రస్తుతమని కాక అమర్యాదకరమని అన్నట్టవుతుంది. ఆ మాటకు మొదట ఉన్న అర్థం "సంబంధం లేని" అనే. నేడది న్యాయభాషలో మిగిలింది గానీ మామూలు వాడుకలో కనిపించదు. అందువల్ల "నాట్ పర్టినెంట్" అని విడదీసి చెప్పడమే క్షేమం.

ఇక జర్మేన్. "ఒకే తల్లిదండ్రులకు పుట్టిన" అనే అర్థమున్న లాటిన్ మాట "జెర్మానస్" దీనికి మూలం. స్పానిష్‌లో సోదరుణ్ణి పిలిచే "ఎర్మానో" కూడా అక్కడిదే. రక్తసంబంధమంత దగ్గరితనం ఈ మాటలో ఇప్పటికీ ఉంది. అమెరికా ప్రతినిధుల సభలో, చర్చలో ఉన్న బిల్లుకు ప్రతిపాదించే సవరణ దాని విషయానికి "జర్మేన్" అయి తీరాలన్న నియమం 1789 నుంచీ అమలులో ఉంది. సవరణ ఎంత మంచిదన్న ప్రశ్న అక్కడ రాదు, ఆ బిల్లులో దానికి చోటుందా లేదా అన్నదే చూస్తారు. ఉచ్చారణలో ఒత్తు రెండో అక్షరంపై, "మేన్" మీద పడుతుంది. వాక్యంలో ఇది నామవాచకానికి ముందుకన్నా "జర్మేన్ టు ద ఇష్యూ" అన్నట్టు వెనుకే ఎక్కువగా వస్తుంది. రోజువారీ ఉత్తరాల్లో వాడితే బిగుసుకున్నట్టుంటుంది కాబట్టి నేను అక్కడ దీన్ని సూచించను.

కానీ సమావేశంలో ఎవరైనా మంచి ఆలోచనను తప్పు సందర్భంలో లేవనెత్తినప్పుడు, దాన్ని ఇర్రెలెవెంట్ అంటే ఆ ఆలోచననే తోసిపుచ్చినట్టు వినిపిస్తుంది. "నాట్ జర్మేన్ టు దిస్ డిస్కషన్" అంటే, దాని విలువను కాదనకుండానే ఈ చర్చలో దానికి చోటు లేదని మాత్రమే చెప్పినట్టవుతుంది.