చలిలో చేతులెత్తేసిన రీల్: మూడేళ్ల వాడకం తర్వాత

గాలం కర్రకు బిగించి దారం చుట్టుకునే ఈ 2000 సైజు స్పిన్నింగ్ రీల్ చేతికొచ్చి మూడేళ్లయింది. బరువు, గేర్ నిష్పత్తి, బేరింగుల లెక్క డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. చెప్పాల్సింది ఒక్క భాగం గురించే: హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే వన్‌వే బేరింగ్.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ మెచ్చుకుని చెప్పింది కూడా దాన్నే. సింగూరులో, సాగర్ బ్యాక్‌వాటర్‌లో కొర్రమీను ఎర అందుకోగానే కర్ర లేపితే హ్యాండిల్ వెంట్రుకవాసి కూడా వెనక్కి రాదు. కొర్రమీను నోరు గట్టిది, గాలం ముల్లు దిగాలంటే ఆ పట్టు ఉండాలి. ఆ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే అది మన హైదరాబాద్ వేడిలో చూసి చెప్పిన మాట.

కశ్మీర్‌లో హర్ముఖ్ కొండ కింద ఉన్న గంగబల్ సరస్సు 3,500 మీటర్లకు పైన ఉంటుంది. నారానాగ్ నుంచి నడిచి వెళ్లి, ఒడ్డున గుడారం వేసుకుని, మత్స్యశాఖ పర్మిట్‌తో ట్రౌట్ అనే చన్నీటి చేపను పట్టాలి. తెల్లవారుజాము ట్రౌట్‌కు మంచి వేళ, చలి గడ్డకట్టించే వేళ కూడా అదే. నేను వెళ్లినప్పుడు సరిగ్గా ఆ వేళకే రీల్ పట్టు జారింది. 5 గ్రాముల స్పూన్‌ను (చెంచా ఆకారపు లోహపు ఎరను) చేప అందుకుంది, కర్ర లేపగానే హ్యాండిల్ గిర్రున రెండు చుట్లు వెనక్కి తిరిగింది, దారం వదులైంది. పట్టి వదిలేసే వేటకు ముల్లు కొన దగ్గరి చిన్న కొక్కేన్ని ప్లయర్‌తో నొక్కేసి వాడతాం కాబట్టి, దారం ఒక్క క్షణం వదులైనా ట్రౌట్ ఎగిరి తల విదిలించుకుని పోతుంది. వరసగా నాలుగు చేపలు అలాగే పోయాయి.

డ్రాగ్ మీద, అంటే చేప గట్టిగా లాగితే తెగకుండా దారాన్ని వదిలే బిగింపు మీద అనుమానం రావడం సహజం. కానీ డ్రాగ్ జారితే స్పూల్ (దారం చుట్టి ఉండే చక్రం) తిరుగుతుంది, హ్యాండిల్ కదలదు. ఇక్కడ హ్యాండిలే తిరిగింది, కాబట్టి తప్పు వన్‌వే బేరింగ్‌ది. దాని లోపల సన్నటి రోలర్లు, వాటి వెనక చిన్న స్ప్రింగులు ఉంటాయి. హ్యాండిల్ వెనక్కి తిరగబోతే స్ప్రింగులు రోలర్లను ఇరుకు వైపు నెడతాయి, అవి మధ్య గొట్టాన్ని బిగించి పట్టుకుంటాయి. బయల్దేరే ముందు నగరంలో ఒక దుకాణంలో సర్వీసింగ్‌కు ఇస్తే, గేర్లకు పెట్టాల్సిన చిక్కటి గ్రీజు ఇందులోనూ దట్టించారు. 35 డిగ్రీల ఎండలో అది పలచగా ఉండి ఇబ్బంది పెట్టలేదు. చలికి బిగుసుకున్నాక దాన్ని తోసుకుని రోలర్లను కదిపే బలం ఆ స్ప్రింగులకు ఎక్కడిది?

రీల్‌ను పది నిమిషాలు జాకెట్ లోపల పెట్టి తీస్తే మళ్లీ పట్టింది. స్ప్రింగ్ విరగలేదని, గ్రీజే కారణమని అలా తేలింది. వెచ్చగా ఉన్నా జారుతుంటే మాత్రం రోలర్లు అరిగాయేమో చూడాలి. ఆ తర్వాతి రాత్రుళ్లు రీల్ స్లీపింగ్ బ్యాగ్‌లోనే ఉంది. చేప లాగుతున్నప్పుడు హ్యాండిల్ మీంచి చెయ్యి తీయకపోవడం ఒక్కటే అక్కడికక్కడ చేయగలిగింది.

ఇంటికొచ్చాక అసలు మరమ్మతు అరగంట పని. స్పూల్ తీసి, రోటర్ (స్పూల్ చుట్టూ తిరిగి దారం చుట్టే భాగం) నట్టును ఆపే చిన్న స్క్రూ విప్పాలి. ఈ రీల్‌లో ఆ నట్టు సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. అలవాటు కొద్దీ రెండో వైపు బలంగా తిప్పితే మర పోతుంది. రోటర్ లేపాక బేరింగ్‌ను పట్టి ఉంచే మూడు స్క్రూలు విప్పి, మొత్తం ముక్కగా బయటికి తీయాలి. రోలర్లను విడదీయవద్దు, ఎగిరిపడితే దొరకవు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఊపి, పూర్తిగా ఆరనిచ్చి, పలచటి రీల్ ఆయిల్ ఒకే ఒక్క చుక్క వేయాలి. మధ్య గొట్టాన్ని గుడ్డతో తుడిస్తే చాలు. గేర్లలోని గ్రీజు అలాగే ఉండనివ్వండి. చలికి హ్యాండిల్ కొంచెం బరువెక్కుతుందంతే.

ప్రయాణానికి ముందు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. రీల్‌ను పాలిథిన్ కవర్‌లో గట్టిగా చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున కవర్ విప్పకుండానే హ్యాండిల్‌ను పదిసార్లు వెనక్కి కుదపండి. ఒక్కసారి జారినా విప్పి కడగాల్సిందే. చెమ్మ లోపలికి దిగకుండా, గది వేడికి వచ్చేదాకా కవర్ తీయకండి.

ఇందులో ఒక నష్టమూ ఉంది. గ్రీజు లేని బేరింగ్‌కు మన వానాకాలం చెమ్మ తొందరగా తగులుతుంది. రెండు నెలలకోసారి తుడిచి మళ్లీ చుక్క వేయకపోతే తుప్పు మరకలు కనిపిస్తున్నాయి. వానల్లో కోట్‌పల్లి చెరువు గట్టున తడిసిన ప్రతిసారీ ఆ పని తప్పడం లేదు.

అందుకే జిలేబి చేప (తిలాపియా), కొర్రమీను తప్ప ఇంకేదీ పట్టనివాళ్లకు ఈ రీల్‌ను ఉన్నదున్నట్టు వాడుకోమనే చెబుతాను, విప్పే అవసరం రాకపోవచ్చు. ఏడాదికోసారైనా కొండ సరస్సుకు వెళ్లేవాళ్లు, విప్పడం చేతనైతేనే తీసుకోండి. చేతకాకపోతే, వన్‌వే బేరింగ్‌కు ఆయిల్ తప్ప గ్రీజు పెట్టొద్దని కాగితం మీద రాసి సర్వీసింగ్‌కు ఇవ్వండి. తెచ్చుకున్నాక ఫ్రిజ్ పరీక్ష మాత్రం మీరే చేయండి.