ఎన్‌ఎక్స్-01 నమూనా కిట్: ఒకే పెట్టెలో రెండు ఓడలు

అమెరికన్ అంతరిక్ష కథల టీవీ ధారావాహిక ‘స్టార్ ట్రెక్: ఎంటర్‌ప్రైజ్’ ప్రసారం 2001లో మొదలైంది గానీ అందులోని కథ 2151లో, అంటే తొలి ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక నాయకుడు కెప్టెన్ కిర్క్ కాలానికి సుమారు వందేళ్ల ముందు మొదలవుతుంది. అందులోని ఎన్‌ఎక్స్-01 అనే అంతరిక్ష ఓడ రూపం బయటకు వచ్చిన నాడు మొదలైన అభిమానుల వాదన ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఆ ఓడను 1/1000 స్కేలులో, త్రీడీ ప్రింట్ చేసిన రెసిన్ భాగాలుగా ఒక చిన్న తయారీదారు అందిస్తున్న కిట్ ఇది. ఓడ పొడవు 225 మీటర్లు కనుక నమూనా 22.5 సెంటీమీటర్లు వస్తుంది. ఇష్టమైతే తగిలించుకోవడానికి, లేకపోతే పక్కన పెట్టడానికి వీలుగా ఒక అదనపు దిగువ భాగాన్ని కూడా పెట్టెలో ఉంచారు. ఈ కిట్‌ను ప్రత్యేకంగా పరిశీలించవలసి రావడానికి కారణం అదే.

వాదన ఏమిటో తెలియకపోతే ఆ భాగం ఎందుకు ఇచ్చారో అర్థం కాదు. 1996 నాటి ‘ఫస్ట్ కాంటాక్ట్’ చిత్రంలో కనిపించిన అకీరా తరగతి ఓడకూ ఎన్‌ఎక్స్-01కూ పోలిక చాలా దగ్గరది. రెండింటిలోనూ సాసర్ అనే వెడల్పాటి పళ్లెం ఆకారపు ముందుభాగం నుంచి వెనక్కి సాగే జంట దూలాలే కనిపిస్తాయి తప్ప, కిర్క్ ఓడలో మాదిరిగా దిగువన వేలాడే రెండో కాయం (ఓడ ఒళ్లు) ఉండదు. అకీరా కథాకాలం 24వ శతాబ్దం కాబట్టి ఇది తాతకు మనవడి పోలిక వచ్చినట్టుందని అభిమానులు ఎద్దేవా చేశారు, ‘అకీరాప్రైజ్’ అని పేరు కూడా పెట్టారు. నమూనాను చేతిలోకి తీసుకుని పైనుంచి చూస్తే ఆ ఎద్దేవాలో నిజముందని ఒప్పుకోక తప్పదు. అయితే పక్కకు తిప్పగానే ఆ పోలిక సగానికి సగం సడలిపోతుంది. అకీరాలో నాసెల్‌లు, అంటే ఇంజిన్ల పొడవాటి గొట్టాలు, కిందికి వేలాడితే, ఇక్కడ అవి కిర్క్ ఓడ అయిన తొలి ఎంటర్‌ప్రైజ్‌లో మాదిరిగానే పైకి లేచి నిలబడతాయి.

నా దృష్టిలో అసలు విషయం రూపురేఖల్లో లేదు, ఓడ పైపొరలో ఉంది, కిట్ బాగా పండిన చోటు కూడా అదే. తొలి ఎంటర్‌ప్రైజ్‌ను రూపొందించిన మాట్ జెఫ్రీస్ దాని పైభాగాన్ని కావాలనే నునుపుగా ఉంచారు. యంత్రాలు లోపలే ఉంటే మరమ్మతు కోసం సిబ్బంది శూన్యంలోకి వెళ్లవలసిన పని ఉండదన్నది ఆయన తర్కం. దానికి వందేళ్ల ముందుది అనుకున్న ఓడకు డగ్ డ్రెక్స్‌లర్, ఆయన సహచరులు లోహపు పలకలు పేర్చినట్టున్న ఒళ్లు ఇచ్చారు. కథలో ఈ ఓడకు తరువాతి ఓడల్లోలా శక్తితో ఏర్పడే రక్షణ కవచాలు లేవు. దాడి జరిగినప్పుడు పలకలకే విద్యుత్తుతో ధ్రువణం కలిగించి తట్టుకుంటుంది. వస్తువులను లాగడానికి ట్రాక్టర్ కిరణం లేదు, తాళ్లతో విసిరే కొక్కెం మాత్రమే ఉంది. కనుక ఆ పలకలు అలంకారం కావు. తయారీదారు ఈ సంగతి గ్రహించినట్టున్నారు: సాసర్ మీద పలకల మధ్య గీతలు వెంట్రుకవాసి మందాన, అంచు దాకా ఎక్కడా తెగకుండా సాగాయి. ముందుగా బూడిదరంగు ప్రైమర్, దాని మీద వెండి రంగు వేసి, అక్కడక్కడ పలకలకు మాస్కింగ్ టేపు అతికించి రాగి ఛాయ చల్లితే, వెలుతురు మారినప్పుడల్లా పలకలు ఒకదాని నుంచి ఒకటి విడిపడి కనిపిస్తాయి.

జంట దూలాల దగ్గర మాత్రం ఇంత మెచ్చుకోలు కుదరదు. ప్రింటింగ్ ఊతలు విరిచిన మచ్చలు సరిగ్గా పలకల గీతల మీదనే పడ్డాయి. వాటిని ఇసుక కాగితంతో రుద్దితే మచ్చతో పాటు గీత కూడా పోతుంది, సన్నని ఉలితో మళ్లీ చెక్కుకోవాలి. నాసెల్‌లను మోసే కమ్మీలలో ఒకటి కొద్దిగా వంగి ఉంది, వేడినీటిలో ముంచి సరిచేస్తే దారికి వచ్చింది. ఓడ మీద అతికించే పేరు, గుర్తుల డెకల్స్ శుభ్రంగా ఉన్నాయి.

ఇక అదనపు దిగువ భాగం. ధారావాహిక 2005లో నాలుగో సీజన్‌తోనే ఆగిపోయింది. ఐదోది వచ్చి ఉంటే ఓడ ఎలా మారేదో ఊహించి, రెండో కాయం చేర్చిన రూపాన్ని డ్రెక్స్‌లర్ గీశారు. 2023లో ‘స్టార్ ట్రెక్: పికార్డ్’ మూడో సీజన్ నౌకాదళ మ్యూజియంలో ఆ రూపమే తెర మీద కనిపించడంతో, ఓడకు రెండో కాయం ఉండాలనే వర్గం తమ వాదన నెగ్గిందని సంబరపడింది. కిట్‌లో ఆ భాగం చిన్న అయస్కాంతాలతో అతుక్కుంటుంది కాబట్టి జిగురు వాడకుండానే ఇరుపక్షాల వాదనలను మార్చి మార్చి చూడవచ్చు. తగిలిస్తే ఓడ నిజంగా అందంగా ఉంటుంది, కిర్క్ ఓడతో వంశపు పోలిక క్షణంలో దొరుకుతుంది. కానీ కిర్క్ ఓడకు అంత దగ్గరైన తరువాత మధ్యలో ఒక శతాబ్దం గడిచిందని నమ్మడం నాకు కష్టమైంది. అకీరా పోలికను భరించడమే దానికంటే తేలికనిపించింది. అందుకే నా బల్ల మీద అది రెండో కాయం లేకుండానే నిలబడింది.

రెండు రూపాలకూ ఒకే స్టాండు ఇవ్వడం మాత్రం పొరపాటు. దాని గొట్టం దిగువ భాగం బరువును లెక్కలోకి తీసుకుని అమర్చినది. ఆ భాగం తీసేస్తే సాసర్ బరువుకు ఓడ ముందుకు వాలిపోతుంది. నాలాగా ఒంటి కాయపు రూపాన్నే ఇష్టపడేవారు స్టాండును విడిగా చూసుకోవడం మంచిది.