విద్యార్థుల పత్రికలో ఆఖరి మాట ఎవరిది? మూడు పద్ధతుల్లో ఏది మేలు?

విద్యార్థుల పత్రికలో ఏది అచ్చు వేయాలో తేల్చడానికి అమెరికాలో మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఒక చోట అచ్చుకు ముందే ప్రిన్సిపాల్ చూసి సరే అనాలి. ఇంకో చోట టీచర్ సలహా చెబుతారు, నిర్ణయం మాత్రం విద్యార్థి ఎడిటర్లదే. మూడో రకం పత్రిక విద్యాసంస్థ నుంచి విడిపోయి, తన డబ్బు తానే సంపాదించుకుంటుంది.

మొదటి పద్ధతికి అండ 1988లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన హేజల్‌వుడ్ తీర్పు. మిస్సోరీలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో 1983 మేలో 'స్పెక్ట్రమ్' పత్రిక పేజీ ప్రూఫులు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాయి. గర్భం దాల్చిన విద్యార్థినుల మీద ఒక కథనం, తల్లిదండ్రుల విడాకుల మీద ఇంకొకటి ఉన్నాయి. పేర్లు మార్చినా ఆ అమ్మాయిలు ఎవరో తెలిసిపోతుందని ఆయనకు అనిపించింది. విడాకుల కథనంలో ఒక విద్యార్థిని తండ్రిని తప్పుపట్టింది, ఆ తండ్రి మాట మాత్రం ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే ఈ అభ్యంతరాలు కొట్టిపారేయదగ్గవి కావు. ఏ పత్రికాఫీసులోనైనా డెస్క్ అడిగే ప్రశ్నలే ఇవి. తేడా ఏమిటంటే, డెస్క్ అయితే "ఆయనకు ఫోన్ చేసి వివరణ తీసుకో" అంటుంది. ఈయన మార్పులకు టైమ్ లేదనుకుని రెండు పేజీలూ పూర్తిగా తీసేయించారు. వాటితో పాటు, తనకు ఏ అభ్యంతరమూ లేని కథనాలు కూడా పోయాయి. సుప్రీంకోర్టు 5-3తో స్కూలు పక్షాన నిలిచింది. బోధనకు సంబంధించిన సబబైన కారణం ఉంటే, స్కూలు తన పేరుతో వచ్చే పత్రికను అదుపు చేయొచ్చని చెప్పింది. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకొచ్చిన పిల్లల కేసులో 1969లో ఇదే కోర్టు ఇచ్చిన స్వేచ్ఛతో పోలిస్తే ఇది వెనకడుగే.

కొన్ని రాష్ట్రాలు, నిర్ణయాన్ని విద్యార్థి ఎడిటర్లకే వదిలే సొంత చట్టాలతో దీన్ని సరిదిద్దుకున్నాయి. కాలిఫోర్నియా అయితే ఈ తీర్పుకు ముందే, 1977లోనే చట్టం చేసింది. కాన్సాస్ 1992లో చేసింది. రెండో పద్ధతి బలమేమిటో కాన్సాస్‌లోనే బయటపడింది. 2017లో పిట్స్‌బర్గ్ హైస్కూల్ పత్రిక 'బూస్టర్ రిడక్స్' విద్యార్థులు, కొత్తగా వస్తున్న ప్రిన్సిపాల్‌ను పరిచయం చేద్దామని ఆమె డిగ్రీల వివరాలు వెతికారు. ఆమె చెప్పిన యూనివర్సిటీకి గుర్తింపు ఉన్న దాఖలా దొరకలేదు. దాని వెబ్‌సైట్ కూడా సరిగ్గా పనిచేయలేదు. కథనం వచ్చిన కొద్ది రోజులకే ఆమె రాజీనామా చేశారు. అచ్చుకు ముందు అధికారుల ఆమోదం తప్పనిసరి అయితే ఆ కథనం ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

స్కూలుకు చెడ్డపేరు వస్తుందనీ, పరువు నష్టం దావా వేస్తారనీ భయపడే యాజమాన్యాలు గమనించాల్సిన విషయం ఒకటుంది. ప్రతి అక్షరాన్నీ తానే ఆమోదిస్తే, తప్పు జరిగినప్పుడు "మాకు సంబంధం లేదు" అనే దారి స్కూలుకు మూసుకుపోతుంది. కాన్సాస్ చట్టమైతే విద్యార్థుల రాతలకు స్కూలు బాధ్యత వహించనక్కర్లేదని స్పష్టంగా చెప్పింది. అలాగని పిల్లలు ఏమైనా రాసేయొచ్చని కాదు. పరువు నష్టం కలిగించే రాతలకు, అశ్లీలానికి అక్కడా రక్షణ లేదు.

మూడో పద్ధతి యూనివర్సిటీలకు సరిపోతుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక 'స్టాన్‌ఫర్డ్ డైలీ' 1973లో అలా విడిపోయింది. యూనివర్సిటీ అధ్యక్షుడి పరిశోధన పత్రాల్లో మార్చిన చిత్రాలున్నాయన్న ఆరోపణలను అక్కడి ఒక ఫస్టియర్ విద్యార్థి 2022లో బయటపెట్టాడు. విచారణ తర్వాత 2023లో అధ్యక్షుడు పదవి వదులుకున్నారు. జీతం, గది, ప్రింటింగ్ బిల్లు ఆ అధ్యక్షుడి చేతిలోనే ఉండే పత్రికకు ఇంత తెగువ కష్టం. కానీ యాడ్స్, చందాలు వెతుక్కుంటూ, లాయర్ ఖర్చు కూడా భరిస్తూ పత్రిక నడపమని పదిహేనేళ్ల పిల్లలకు చెప్పలేం కదా.

అందుకే హైస్కూలుకు నా ఓటు రెండో పద్ధతికే, యూనివర్సిటీకైతే మూడోదానికి. గెలిచిన కప్పుల ఫొటోలు మాత్రమే కావాలంటే మొదటిది చాలు. అయితే దాన్ని ప్రచార కరపత్రం అనాలి, పత్రిక అనకూడదు. రెండో పద్ధతికీ ఒక లోపం ఉంది. పిల్లల రాతను ఆపలేని యాజమాన్యం వాళ్ల టీచర్ మీద పడుతుంది, బదిలీ చేస్తుంది, క్లాసు తీసేస్తుంది. కాలిఫోర్నియా 2009 నుంచి అలాంటి కక్షసాధింపును కూడా చట్టంతో అడ్డుకుంది. కాబట్టి విద్యార్థుల హక్కుతో పాటు సలహా ఇచ్చే టీచర్ ఉద్యోగానికి రక్షణ కూడా నిబంధనల్లో రాసి ఉందో లేదో ముందే చూసుకోవాలి.