పిల్లలకు అప్పు సంగతి నేర్పాలంటే ఏది మేలు: చిన్న బాకీ ఇవ్వడమా, ఇంటి లెక్క చూపడమా?

మా దేవరకొండ వైపు పత్తి గింజలు పెట్టే రోజులొచ్చాయంటే ఇంటింటా అప్పు మాటే. పెద్దవాళ్లం గుసగుసగా మాట్లాడుకుంటాం. పక్క గదిలో పిల్లలు అంతా వింటూనే ఉంటారు. "అప్పు జోలికి పోవద్దు బిడ్డా" అంటే సరిపోదు. అప్పు లేనిదే ఎవుసం నడవని ఇంట్లో ఆ మాట ఎవరు నమ్ముతారు? అందుకే మేం రెండు దారులు పట్టి చూశాం.

మొదటిది, పిల్లాడికే బాకీ ఇవ్వడం. మా పెద్దోడు ఏడో తరగతిలో బ్యాట్ కోసం 1,200 అడిగాడు. చేతిఖర్చుకు ఇచ్చే డబ్బుల్లోంచి నెలకు 200 అసలు, నూటికి రెండు రూపాయల మిత్తి కట్టాలని నోటుబుక్కులో రాయించాను. మొదటి నెల మిత్తి 24, తర్వాత 20, 16... ఆరు నెలలకు మొత్తం 84. "మిత్తి ఒక్కటే కడుతూ పోతే?" అన్నాడు. లెక్క వెయ్యమన్నాను. ఆరు నెలల్లో 144 కట్టినా 1,200 అట్లనే ఉంది. ఆ అంకె చుట్టూ పెన్సిల్‌తో రెండుసార్లు గీత గీశాడు. బడిలో చెప్పిన బారువడ్డీ వాడికి ఆ రోజు ఎక్కింది.

కానీ మూడో నెల బతుకమ్మ పండుగొచ్చి కిస్తీ ఆగింది. నేనూ గట్టిగా అడగలేదు. ఈ పద్ధతి దెబ్బతినేది ఇక్కడే. కిస్తీ అడిగే ఓపిక మనకు లేకపోతే ఆ బాకీ ఇవ్వకపోవడమే నయం.

రెండోది, ఇంటి లెక్క. వాడు తొమ్మిదికి వచ్చాక ఒక ఆదివారం ప్రామిసరీ నోటు, బ్యాంకు పాస్‌బుక్, నా మహిళా సంఘం పుస్తకం చాప మీద పరిచాం. లక్షకు బయట రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24,000. బ్యాంకు పంట రుణానికి 7 శాతం, గడువులోగా కడితే కేంద్రం రాయితీ పోను 4 శాతమే, అంటే 4,000. తేడా 20,000. పొడుగు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర 8,110. ఆ లెక్కన దాదాపు రెండున్నర క్వింటాళ్లు.

"మన మూల చెలకలో ఏరిందంతా అంతే కదమ్మా. మరి అంతా బ్యాంకులోనే ఎందుకు తేలేదు?"

పాత బాకీ గడువులోగా కట్టలేదు, అందుకే కొత్తది పుట్టలేదు. చెప్పడానికి సిగ్గనిపించినా వాళ్ల నాన్న చెప్పాడు. రెవెన్యూ స్టాంపు మీద తన సంతకం చూపించి, అంకె రాయని నోటు మీద ఎప్పుడూ సంతకం పెట్టొద్దన్నాడు.

రెండిట్లో ఒక్కటే చేయగలమంటే నేను ఇంటి లెక్కనే ఎంచుకుంటా. మిత్తి ఎంతో ఒక్కటే కాదు, ఆ అప్పు ఎవరి దగ్గర, ఎందుకు తెచ్చామో కూడా పిల్లలకు తెలుస్తుంది. అయితే అప్పిచ్చినవాళ్లు వాకిట్లో వచ్చి కూర్చునే పరిస్థితి ఉంటే ఆ కాగితాలు పరచొద్దు. పిల్లలకు టెన్షన్ తప్ప ఏం మిగలదు. అక్కడ బ్యాటు బాకీయే మేలు.

ఇప్పుడు చిన్నది ఏడో తరగతికొచ్చింది, స్కిప్పింగ్ తాడు, షటిల్ బ్యాట్లు అడుగుతోంది. కొత్త నోటుబుక్కు కొన్నాను. ఈసారి దాని కిస్తీ తారీఖు, నా సంఘం కిస్తీ తారీఖు ఒక్కటే.