అల్లికలో తప్పు దొర్లితే విప్పేయాలా, అక్కడికక్కడే దిద్దుకోవాలా?

మనవడి స్వెట్టర్ వెనక భాగం 40 వరసలు అయ్యాక పరుపు మీద పరిచి చూసుకున్నాను. 12 వరసల కింద ఒక కుట్టు తప్పింది. నిట్ (ఎదుటి వైపు నున్నగా కనబడే కుట్టు) వేయాల్సిన చోట పర్ల్ (దానికి ఉల్టా కుట్టు) పడి, నున్నటి అల్లిక మధ్య చిన్న గింజలా పైకి కనబడుతోంది.

ఒకప్పుడైతే వెంటనే విప్పేసేదాన్ని. అది అమ్మమ్మ దగ్గర అబ్బిన అలవాటు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లె, క్రోషియాతో, అంటే ఒకే కొక్కెంతో, లేసు అల్లేది. క్రోషియాలో కొక్కేనికి ఉండేది ఒక్క ఉచ్చే. దారం లాగుతూ తప్పు దాకా వెళ్లి, అక్కడి నుంచే మళ్లీ అల్లుకోవచ్చు. రెండు సూదుల అల్లిక అలా కాదు. 88 కుట్లుంటే 88 ఉచ్చులూ సూది మీదే ఉంటాయి. సూది తీసి విప్పితే అన్నిటినీ ఏరి ఎక్కించాలి, కంగారులో కొన్ని మెలితిరిగి ఎక్కుతాయి. పైగా 12 వరసలంటే 1,056 కుట్లు మళ్లీ అల్లాలి.

అందుకే ఈసారి ఆ ఒక్క కుట్టునే దిద్దాను. దానికి సరిగ్గా పైనున్న ఉచ్చు దాకా అల్లుకుంటూ వెళ్లి, ఆ ఒక్కదాన్నీ సూది మీంచి జార్చాను. వేలితో మెల్లగా లాగితే ఒక్కో వరసా ఊడి, నిచ్చెన మెట్లలా అడ్డపోగులు మిగిలాయి. తప్పు కుట్టు కూడా ఊడాక, క్రోషియా కొక్కేన్ని ఎదుటి నుంచి ఉచ్చులో దూర్చి, పైనున్న పోగును పట్టి ఇవతలికి లాగాను. ఒక్కో మెట్టూ ఒక్కో కుట్టయింది. ఆ చోట అల్లిక కాస్త వదులుగా ఉంది కానీ, ఊలు కాబట్టి తడిపి ఆరేస్తే సర్దుకుంటుంది.

సాదా అల్లికలో ఒక్క కుట్టు తప్పితే నా ఓటు దీనికే. కొలతే తప్పితే మాత్రం విప్పడం తప్ప దారి లేదు. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావాల్సింది 20 వస్తే, 88 కుట్ల ముక్క 40 బదులు 44 సెంటీమీటర్లవుతుంది. ముందూ వెనకా కలిపితే 8 సెంటీమీటర్లు ఎక్కువ! నమూనా ముక్క అల్లి కొలవడానికి బద్ధకించొద్దని అందుకే అంటాను. విప్పాల్సి వస్తుందేమో అని టెన్షన్ ఉంటే, 20 వరసలకోసారి వేరే రంగు నూలుదారాన్ని మొద్దుసూదితో అన్ని ఉచ్చుల్లోంచీ పోనివ్వండి. ఎంత విప్పినా అక్కడ ఆగుతుంది.

వదిలేయడం? జారిన కుట్టును ఎప్పుడూ వదలొద్దు, కిందికి ఊడుతూనే పోతుంది. ఉల్టా పడ్డ కుట్టయితే పర్వాలేదు. అంతా అయ్యాక అదే ఊలుతో పైనుంచి కుట్టు ఆకారంలో కుట్టేస్తే కనబడదు.

నేను చూసినంతలో, పని మధ్యలో ఆగిపోయేది బద్ధకం వల్ల కంటే విప్పడం, దిద్దడం, వదిలేయడం, ఈ మూడింటిలో ఏదో తేల్చుకోలేకే. నా శాలువా ఒకటి రెండేళ్లు సంచిలోనే ఉండిపోయింది. ఈమధ్య తీసి లెక్కపెడితే 2 కుట్లు ఎక్కువున్నాయి. వరస మొదట్లో ఊలును సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండుగా కనబడుతుంది, నేను రెండూ అల్లేశాను. 6 వరసలు విప్పాను, ఒక్క సాయంత్రం పట్టింది. ఇప్పుడు ఏ పని పక్కన పెట్టినా, ఎన్నో వరసలో ఆపానో, సూది సైజెంతో, తప్పెక్కడుందో చీటీ రాసి ఊలు ఉండలో గుచ్చి పెడుతున్నాను.