కొన్ని వేసవులు దాటిన మా క్వారంటైన్ ట్యాంకు

ఉప్పు నీటి అక్వేరియంలో కొత్త చేపను మెయిన్ ట్యాంకులో వదిలే ముందు విడిగా ఉంచి, రాగి మందుతో జబ్బు వదిలించే ట్యాంకే క్వారంటైన్ ట్యాంకు. అది పెడదామనుకునేవాళ్లు ముందు అడిగేది ట్యాంకు సైజు గురించే. నా సెటప్‌లో అన్నిటికన్నా చవకైన వస్తువు ఆ ట్యాంకే. హైదరాబాద్‌లో ఏ అక్వేరియం షాపులోనైనా చేసిచ్చే రెండడుగుల మామూలు గాజు ట్యాంకు అది. నీళ్లు 60 లీటర్ల దాకా పడతాయి. అడుగున ఇసుక లేదు, లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు ఉండే సముద్రపు రాయి) లేదు. చేప దాక్కోవడానికి ప్లంబింగ్ షాపులో కొన్న పీవీసీ ఎల్బోలు, టీలు వేశాను. స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు, నీళ్లను కదిలించే చిన్న వేవ్‌మేకర్, హీటర్, పైన చేప దూకకుండా జాలీ. చూడ్డానికి ఏమీ బాగుండదు. ఇంటికొచ్చినవాళ్లు దాన్ని ఖాళీ ట్యాంకనే అనుకుంటారు.

ఇన్నేళ్లు వాడాక ఇందులో ఏది తీసేసినా సర్దుకోగలను గానీ, రాగిని కొలిచే మీటరు లేకుండా మాత్రం చేపను దించను. నేను వాడేది హన్నా హెచ్ఐ702. సున్నా నుంచి 5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దాకా కొలుస్తుంది. ట్యాంకు, ఫిల్టరు, హీటరు కలిపి పెట్టిన డబ్బుకన్నా దీనికే ఎక్కువైంది. నీళ్లలో కలిపే రీఏజెంట్ పొడి ప్యాకెట్లు అయిపోతే దొరకడం ఒక్కోసారి కష్టం, కాబట్టి ఒక డబ్బా అదనంగా పెట్టుకోవాలి. రంగు కార్డుతో పోల్చి చూసే కిట్లు కూడా వాడాను. 1.5కూ 2కూ తేడా నా కళ్లకైతే ఎప్పుడూ తెలియలేదు, ట్యూబ్‌లైటు కింద అసలే తెలియదు. హన్నాలో కూడా గాజు సీసా మీద వేలిముద్రలు ఉన్నా, పొడి సరిగ్గా కరగకపోయినా రీడింగు తప్పొస్తుంది. అనుమానం వస్తే సీసాను మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ తీయాలి.

ఈ అంకె మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. తెల్లమచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవి, క్రిప్టోకారియాన్, చేప ఒంటి మీద ఉన్నప్పుడు రాగి దాన్నేమీ చేయలేదు. చర్మం కిందో మొప్పల్లోనో దాక్కుని కొన్ని రోజులు తింటుంది. తర్వాత రాలిపోయి అడుగున గట్టి గుడ్డులా మారుతుంది. అది పగిలి బయటికొచ్చే పిల్లలు కొత్త చేపను వెతుక్కుంటూ నీళ్లలో ఈదే కాసేపట్లోనే రాగికి దొరుకుతాయి. ఆ గుడ్లు మూడు రోజుల్లో పగలొచ్చు, మూడు నాలుగు వారాలూ, అరుదుగా ఇంకా ఎక్కువా పట్టొచ్చు. అందుకే మచ్చలు పోయాయని వారానికే మందు ఆపేస్తే జబ్బు మళ్లీ వస్తుంది. అది మందు లోపం కాదు. నేను కాపర్ పవర్ అనే రాగి మందు వాడతాను. నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచి 2.25 నుంచి 2.5 పీపీఎం మధ్యకు తెచ్చి, ఒక నెల అక్కడే నిలబెడతాను. మధ్యలో ఒక్కరోజు కిందికి జారితే లెక్క మొదటికొస్తుంది. ఇంతకుముందు క్యూప్రమైన్ అనే ఇంకో రాగి మందు వాడేవాణ్ని. దాని మోతాదు 0.5. మంచి మందే, కానీ కాస్త అటూ ఇటూ అయితే చేప తిండి మానేస్తుంది.

వేసవిలో ఈ అంకెను నిలబెట్టడమే పెద్ద పని. మన ఊళ్లో ఏప్రిల్, మే వచ్చాయంటే గదిలో ఉన్న నీళ్లు 31 డిగ్రీలు దాటతాయి. నీళ్లను చల్లబరిచే చిల్లర్ పెట్టేంత ట్యాంకు కాదిది. టేబుల్ ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ నీళ్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, రాగీ ఉప్పూ లోపలే ఉంటాయి. 60 లీటర్లలో నాలుగు లీటర్లు పోతే 2.4 ఉన్న రాగి 2.57 అవుతుంది, వెయ్యికి 35 పాళ్లు ఉన్న ఉప్పు 37.5కి చేరుతుంది. నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, పొద్దునా సాయంత్రం ఆ గీత దాకా ఆర్‌ఓ నీళ్లే పోస్తాను. నీళ్లు మార్చేటప్పుడు దీనికి పూర్తి వ్యతిరేకం. 15 లీటర్లు తీస్తే, పోయబోయే ఉప్పు నీళ్లలో ముందే బకెట్లో రాగి కలిపి, కొలిచి, అప్పుడు పోయాలి.

అసలు క్వారంటైన్‌లో చచ్చిపోయే చేపల్లో చాలా వాటిని చంపేది జబ్బు కాదు, అమ్మోనియా. ఖాళీ ట్యాంకులో రాళ్లు లేవు కాబట్టి బ్యాక్టీరియాకు ఇల్లంటూ ఒక్క స్పాంజే. నా మెయిన్ ట్యాంకు కింద ఫిల్టర్లు ఉండే సంప్‌లో ఎప్పుడూ రెండు స్పాంజ్‌లు నానుతూ ఉంటాయి. చేప వచ్చిన రోజు ఒకటి తీసి క్వారంటైన్ ట్యాంకులో పెడతాను. రాగిలో మునిగిన స్పాంజ్ మళ్లీ సంప్‌లోకి పోకూడదు. గాజుకు అమ్మోనియాను రంగుతో చూపే సీకెమ్ అమ్మోనియా అలర్ట్ అంటించి ఉంటుంది. పసుపు రంగులో ఉన్నంతవరకు నిశ్చింత. ఆకుపచ్చలోకి తిరిగితే ఆరోజు తిండి తగ్గించి నీళ్లు మారుస్తాను. అమ్మోనియా కనబడగానే చాలామంది చెయ్యి అమ్మోనియా విషాన్ని తగ్గించే ప్రైమ్ సీసా మీదకే పోతుంది. రాగి ఉన్న నీళ్లలో, ముఖ్యంగా క్యూప్రమైన్ ఉన్నప్పుడు, అది వేయకండి. ప్రైమ్ లాంటి మందులు రాగిని ఇంకా విషపు రూపానికి మారుస్తాయి.

హీటర్ల విషయంలో నా అనుభవం చేదుది. పేరున్న కంపెనీదే ఒకటి చలికాలం రాత్రి ఆన్‌లో ఇరుక్కుపోయింది. నీళ్ల వేడిని విడిగా చూసే ఇంక్‌బర్డ్ కంట్రోలర్ దానికి కరెంటు ఆపబట్టి చేపలు బతికాయి. అప్పటినుంచి హీటరు నమ్మదగ్గదా కాదా అని ఆలోచించడం మానేశాను, అన్నిటికీ కంట్రోలరే. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు ఒక్కటే నడుస్తుంది. అది తినేది నాలుగైదు వాట్లే. రాగిలోనూ, ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వేసినప్పుడూ చేపకు గాలి ఎక్కువ కావాలి కాబట్టి ఎయిర్ పంపును ఎప్పుడూ ఆపను. ప్రాజిక్వాంటెల్ మొప్పల పురుగులకు. రాగి నెల అయ్యాక, వారం తేడాతో రెండుసార్లు వేస్తాను. నీళ్లు పాలలా మసకబారితే కంగారు పడక్కర్లేదు, అది బ్యాక్టీరియా పొంగు.

చేప తిండి తినడం మొదలుపెట్టేదాకా రాగి మొదలుపెట్టను. పెట్టేది మైసిస్, బ్రైన్ ష్రింప్ అనే చిన్న రొయ్యల్లాంటివి, టాంగ్ చేపలకైతే నోరి అనే ఎండు నాచు. ఒకే ఒక్క మినహాయింపు వెల్వెట్ అనే జబ్బు. ఒంటి మీద సన్నటి దుమ్ము పట్టినట్టు ఉండి, ఊపిరి వేగంగా తీసుకుంటూ, చేప వేవ్‌మేకర్ ధారకు ఎదురుగా నిలబడితే తినకపోయినా రాగి వెంటనే మొదలెట్టాలి. దాన్ని తెచ్చే పరాన్నజీవి అమైలూడినియం, ఒక్క గుడ్డు నుంచి 256 పిల్లలు దాకా రావొచ్చు, మొప్పలు పాడైపోవడానికి రోజులు చాలు. రాగితో క్లౌన్ చేపలకొచ్చే బ్రూక్లినెల్లా అనే జబ్బు తగ్గదు, దానికి దారి వేరు. రాళ్ల మీది చిన్న జీవులను తిని బతికే మాండరిన్ లాంటి చేపను రాళ్లు లేని ట్యాంకులో పెడితే జబ్బు కన్నా ఆకలే ముందు చంపుతుంది. అలాంటివి నేను కొనడం మానేశాను.

ట్యాంకును మెయిన్ ట్యాంకు పక్కన పెట్టకండి. వెల్వెట్ తుంపర్ల మీద గాలిలో కూడా కొంత దూరం వెళ్లగలదు. మాది వేరే గదిలో ఉంది. వల, బకెట్, సైఫన్ పైపు అన్నీ విడివిడిగా, మీద ఎర్ర టేపు చుట్టి. ఇంట్లోవాళ్లు ఆ టేపు చూసి ముట్టుకోవడం మానేశారు, అదొక లాభం.

ఈ నెల రోజుల టెన్షన్ అవసరమా అని అడిగేవాళ్లకు ఒకటే లెక్క. కోరల్స్, నత్తలు ఉన్న మెయిన్ ట్యాంకులో రాగి వేయలేం. అక్కడ జబ్బు చేరితే చేపలన్నిటినీ పట్టి బయటికి తీసి, ఆ ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఖాళీగా ఉంచమంటారు. రాళ్ల మధ్య ఒక్క డామ్సెల్ చేపను పట్టడానికి ప్రయత్నించినవాళ్లకు ఆ మాట ఎంత బరువో తెలుసు.

నా సెటప్‌లో మార్చాలనిపించేది ఒక్కటే. క్లౌన్, రాయల్ గ్రామా, చిన్న వ్రాస్ లాంటి చేపలకు రెండడుగులు సరిపోయింది. టాంగ్ ఈ ట్యాంకులో నెలంతా అటూ ఇటూ గాజుకు కొట్టుకుంటూ తిరిగింది. టాంగ్‌లు కొనే ఆలోచన ఉన్నవాళ్లు మొదటే మూడడుగులది చేయించుకోండి. రాగి, ఉప్పు ఖర్చు పెరుగుతుంది గానీ, నీళ్లు ఎక్కువుంటే అమ్మోనియా కూడా అంత త్వరగా ఎక్కదు.